పొన్నంకి పిట్ట పెరట్లో దిగితే

కార్తీకమాసంలో తెల్లవారుజామున తలుపు తీసేసరికి గడప పక్కన గుప్పెడంత పిట్ట ముడుచుకుని కూర్చుని ఉంటే, కోనసీమలో చాలామంది ముందు చిలక పిల్ల అనుకుంటారు. వీపు ఆకుపచ్చగా ఉంటుంది మరి. ఇంకాస్త దగ్గరకు వెళ్తే రెక్క మీద నీలం కనిపించి లకుముకి పిట్ట అనుకుంటారు. అది పొన్నంకి పిట్ట. పొలంకి పిట్ట అనేవాళ్లూ ఉన్నారు. హిమాలయాల పాదాల్లోనూ మధ్య భారతంలోని కొండ అడవుల్లోనూ వానాకాలం పిల్లల్ని లేపుకుని, చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంక దాకా రాత్రిళ్లు ఎగురుకుంటూ పోయే వలస పిట్ట. దారిలో గోదావరి డెల్టా తోటల్లో దిగుతుంది. కార్తీకమాసంలో వస్తుంది, ఆవకాయ రోజుల్లో తిరిగి వెళ్తుంది.

పేరు గురించి ఒక్క మాట. ఈ కుటుంబంలో ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా 40కి పైగా జాతులున్నాయి. వాటన్నిటికీ శాస్త్రవేత్తలు వాడే పేరు ‘పిట్ట’, అచ్చంగా మన తెలుగు మాట. మద్రాసు కోటలో వైద్యుడిగా ఉన్న ఎడ్వర్డ్ బల్క్‌లీ ఇంగ్లండుకు పంపిన పక్షుల వివరాల్లో ఇదీ ఉంది. 1713లో అక్కడ అచ్చయినప్పుడు పొన్నంకి పిట్ట అన్న తెలుగు పేరుతోనే అచ్చయింది. 1766లో, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ దీన్ని కాకుల జాబితాలో వేసి ‘పొట్టి తోక కాకి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1816లో ఫ్రెంచి పక్షి శాస్త్రవేత్త వియేయో విడదీసి ‘పిట్టా’ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) చేశాడు. ఇప్పటి శాస్త్రీయ నామం పిట్టా బ్రాకియూరా. ఊళ్లో పిట్ట అంటే ఏ పిట్టయినా కావచ్చు, పుస్తకాల్లో మాత్రం ఇదీ దీని చుట్టాలే.

గుర్తుపట్టడం

పొడవు 19 సెంటీమీటర్లు, అంటే జానెడు కంటే కాస్త తక్కువే. బరువు 47 నుంచి 66 గ్రాములు, ఒక కోడిగుడ్డంత. తోక ఉందా లేదా అన్నంత పొట్టి. కాళ్లు పొడవు, లేత గులాబి రంగు. హిందీలో నవరంగ్ అంటారు గాని తొమ్మిది రంగులూ లెక్కపెట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు, తల చూస్తే చాలు. లేత గోధుమ రంగు నడినెత్తి మీద ముందు నుంచి వెనక్కి ఒక నల్ల చార, కంటి మీదుగా మెడ దాకా వెడల్పాటి నల్ల పట్టీ, ఆ పట్టీకి పైన సన్నటి తెల్ల కనుబొమ. గొంతు తెలుపు, రొమ్ము పసుపు కలిసిన గోధుమ రంగు, తోక మొదట్లో కింద ఎరుపు. భుజం మీదా నడుం మీదా మెరిసే నీలం. ఎగిరినప్పుడు రెక్కల చివర తెల్ల మచ్చలు మిలుక్కుమంటాయి.

లకుముకి పిట్టకు ముక్కు బారెడు ఉంటుంది, తీగ మీదో కొమ్మ మీదో కూర్చుంటుంది, ఆకుల్లో వెతుక్కోదు. పొన్నంకి పిట్ట పగలంతా నేల మీదే. కాకిలా అడుగులు వేయదు, గెంతుతుంది. రెండు మూడు గెంతులు, ఆగడం, తోకను నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించడం, ముక్కుతో ఒక ఎండుటాకును పక్కకు విసరడం, కింద ఉన్నదాన్ని పట్టుకోవడం, మళ్లీ గెంతడం. ఈ వరస ఒక్కసారి చూస్తే మళ్లీ పొరపాటు పడరు.

కోరింగ మడ అడవిలో ఇలాంటి పిట్ట కనిపిస్తే మాత్రం పేరు పెట్టడానికి తొందరపడొద్దు. ఒడిశాలో భితర్‌కనిక మడ అడవుల్లో మడ పిట్ట అని దీని దగ్గరి చుట్టం ఉంది. దాని నెత్తి మొత్తం గోధుమ రంగు, నడుమ నల్ల చార ఉండదు, తెల్ల కనుబొమ ఉండదు, ముక్కు బాగా లావు, పొడుగు. ఫొటో తీయగలిగితే రెక్కల రంగుల కోసం చూడకుండా తలా ముక్కూ పడేలా తీయాలి. తేడా అంతా అక్కడే.

ఎప్పుడు, ఎక్కడ వెతకాలి

డెల్టాలో వెతకడానికి మంచి రోజులు అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్య దాకా, మళ్లీ ఏప్రిల్ చివరి నుంచి మే దాకా. మధ్యలో నెలల్లోనూ నీడా తడీ ఉన్న తోట దొరికితే ఆగే పిట్టలుంటాయి. పొద్దున వెలుగు విచ్చీ విచ్చని వేళ, మళ్లీ పొద్దు గుంకే వేళ కూస్తుంది. తమిళంలో దీన్ని ఆరుమణి కురువి, అంటే ఆరు గంటల పిట్ట, అంటారు. గడియారం చూసి ఆరింటికే వెళ్తే ఇక్కడ ఆలస్యమైపోతుంది. నవంబరు నడిమికి అమలాపురం వైపు సాయంత్రం 5:25కే పొద్దుగుంకుతుంది. అయిదింటికల్లా కూర్చుని ఉండాలి. పొద్దున సూర్యోదయం 6:05 ప్రాంతంలో కాబట్టి అయిదున్నరకు.

కూత రెండు ముక్కల ఈల: ‘వీఈట్‌-ట్యూ’. మొదటిది పైకి లేస్తుంది, రెండోది కిందికి జారుతుంది. పిట్ట పరిమాణానికి మించిన గట్టి గొంతు. కూసేటప్పుడు మెడ వెనక్కి వాల్చి ముక్కు ఆకాశానికి ఎత్తుతుంది. ఒకటి మొదలుపెడితే చుట్టుపక్కల ఉన్నవి కూడా అందుకుంటాయి, కాబట్టి మొదటి కూతకు లేచి పరిగెత్తకుండా అయిదు నిమిషాలు వింటే ఎన్ని ఉన్నాయో, ఏ మూల ఉన్నాయో తెలుస్తుంది. మబ్బు పట్టిన రోజు పగలు కూడా కూస్తుంది.

చోటు ఎంచుకోవడంలో ఒకటే సూత్రం: పైన నీడ, కింద ఊడవని ఆకులు. ఈ పిట్ట చలికాలం గడిపేది పడమటి కనుమల్లోనూ శ్రీలంకలోనూ ఉన్న తేమ అడవుల నేల మీద. మన దగ్గర దానికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది కొబ్బరిలో అంతరపంటగా వేసిన కోకో తోట. కోకో ఆకు పెద్దది, మందం, త్వరగా కుళ్లదు. కింద ఎప్పుడూ ఒక పరుపు ఉంటుంది, దానికింద తడి ఉంటుంది, తడిలో వానపాములూ పురుగులూ ఉంటాయి. శుభ్రంగా దున్ని, కలుపు మందు కొట్టి, అద్దంలా ఉంచిన కొబ్బరి తోటలో ఎంత వెతికినా దొరకదు. కోకో తర్వాత పాత మామిడి తోపులు, పనస చెట్ల కింద, గోదావరి లంకల్లో అరటి తోటల అంచు కంచెలు, కడియం నర్సరీల్లో అమ్మకానికి కాక వదిలేసిన పెద్ద మొక్కల మధ్య సందులు చూడొచ్చు. ఊళ్లలో గుడి వెనక ఉండే పాత తోటలు కూడా మంచివే, అక్కడ చీపురు తక్కువ తిరుగుతుంది.

తోటలో నడుచుకుంటూ వెతికితే కనిపించదు. మీరు చూసేలోపు అది మిమ్మల్ని చూసి, నేలబారుగా ఎగిరి పొదలోకి దూరిపోతుంది. కంచెకు వీపు ఆనించి, పది పదిహేను మీటర్ల దూరం దాకా నేల కనిపించేలా, గోనెసంచో బరకమో పరుచుకుని కింద కూర్చోవాలి. కుర్చీలో కూర్చుంటే ఆకులు నేలను కప్పేస్తాయి. ముదురు రంగు బట్టలు, దోమల మందు ముందే రాసుకుని రావడం, ఫోను సైలెంటు. తర్వాత పని చెవులదే. ఎండుటాకుల్లో వచ్చే ప్రతి చప్పుడూ పిట్ట కాదు. ఆగకుండా సర్రుమంటూ పోతే ఉడతో తొండో. బరువుగా, దర్జాగా నడిచినట్టు వస్తే జెముడుకాకి. పదిచోట్ల ఒకేసారి గలాటాగా వస్తే గుంపుగా తిరిగే బాబ్లర్ పిట్టలు, లేదా పక్కింటివాళ్ల కోళ్లు. టప్‌ టప్‌ అని రెండు గెంతుల చప్పుడు, తర్వాత నిశ్శబ్దం, తర్వాత ఒక ఆకు తిరగేసిన చిన్న శబ్దం, మళ్లీ నిశ్శబ్దం, ఇలా వస్తే బైనాక్యులర్ ఎత్తండి. తలకాయ పక్కకు తిప్పకుండా ఎత్తాలి.

ఫోనులో దాని కూత వినిపించి రప్పించడం చాలామంది చేస్తున్న పని, చేయకూడనిది. రాత్రంతా ఎగిరి వచ్చిన పిట్టకు పొద్దున మేత సంపాదించుకోవడమే పెద్ద పని; ఆ గంట కాస్తా లేని శత్రువును వెతకడంలో పోతుంది. కూత గుర్తుపట్టడానికి మెర్లిన్ యాప్ వాడుకోండి గాని, దాంట్లోంచి బయటికి వినిపించొద్దు. ఫొటోకు ఫ్లాష్ వద్దు. ఐఎస్ఓ 1600 నుంచి 3200 మధ్య, షట్టర్ 1/250 పెట్టుకుని, అది గెంతి ఆగిన క్షణంలో తీస్తే కదిలిపోదు. కెమెరా నేలకు జానెడు ఎత్తులో ఉంటే బొమ్మ బాగా వస్తుంది.

ఆకుల మూల

పెరట్లో ఈ పిట్టను ఆపాలంటే పెట్టాల్సింది గింజలూ కాదు, పంజరమూ కాదు. ఊడ్చిన ఆకులు తగలబెట్టకుండా ఒక మూల పరవడం, అంతే. అయితే దానికీ ఒక పద్ధతి ఉంది.

మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు చాలు. మధ్యాహ్నం ఎండ పడని మూల, ఒక పక్కన మందారమో నందివర్ధనమో క్రోటన్ కంచో ఉండాలి, కదలిక కనిపిస్తే దూరడానికి. మామిడి, పనస, కోకో, బాదం ఆకులు కలిపి బెత్తెడు మందం పరవాలి, అంటే ఎనిమిది సెంటీమీటర్లు. అంతకంటే పలచగా ఉంటే రెండు రోజుల ఎండకు నేల దాకా ఆరిపోయి వానపాములు లోతుకు దిగిపోతాయి. అంతకంటే మందం అయితే పిట్ట ముక్కుతో తిరగేయలేదు, పైగా లోపల వేడెక్కి కుళ్లుతుంది. మధ్యలో ఒక అరటి బోదెను నిలువునా చీల్చి, చీల్చిన వైపు కిందికి పెట్టండి. పది రోజుల్లో దాని కింద చేతినిండా పురుగులుంటాయి. దసరా నాటికి ఈ పని అయిపోతే అక్టోబరు చివరికి మూల సిద్ధంగా ఉంటుంది. వాన లేని వారం రెండుసార్లు సాయంత్రం పూలకుండీలకు పోసినట్టు పైపైన నీళ్లు చల్లితే చాలు, గుంటలు కట్టేలా పోస్తే వానపాములు చస్తాయి.

కొబ్బరి రైతు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తాడు, న్యాయమైనదే: ‘ఆకులు పోగేస్తే కొమ్ము పురుగు రాదాండీ?’ కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది పేడ దిబ్బల్లో, కుళ్లుతున్న కొబ్బరి మొద్దుల్లో, లోతైన కంపోస్టు గుంటల్లో. బెత్తెడు మందం పొడి ఆకులు దానికి సరిపోవు. అందుకే ఈ మూలలో పేడ కలపొద్దు, కొబ్బరి మొద్దు ముక్కలు వేయొద్దు, కొబ్బరి డొక్కలు కుప్పగా పోయొద్దు. ఆకులు ఏటా వేసవి చివర ఒకసారి తిరగేసి చూడండి. బొటనవేలంత తెల్లటి, వంకీ తిరిగిన పురుగులు కనిపిస్తే ఏరేసి కోళ్లకు వేయొచ్చు. పేడ గుంట విడిగా ఉంటే దానికి కొమ్ము పురుగును చంపే మెటారైజియం శిలీంధ్రం కలపడం మామూలుగా చేసే పనే, అది చేసుకోండి.

రెండో భయం పాములు. ఇదీ కొట్టిపారేసేది కాదు. డెల్టాలో రక్తపింజరా కట్లపామూ ఉన్నాయి, ఆకుల రంగులో కలిసిపోతాయి. కాబట్టి ఆ మూల బావికో, బాత్‌రూముకో, పిల్లలు ఆడుకునే చోటుకో దారిలో ఉండకూడదు. గోడకూ ఆకులకూ మధ్య అడుగున్నర నేల ఖాళీగా వదిలితే నడిచేటప్పుడు కనిపిస్తుంది. అక్కడ చేత్తో ఆకులు ఎత్తొద్దు, కర్రతో తిరగేయండి. చీకట్లో టార్చీ, కాళ్లకు గమ్ బూట్లు లేకుండా వెళ్లొద్దు. ఎలుకలు పాముల్ని పిలుస్తాయి, అన్నం మెతుకులు ఆ వైపు పారేయొద్దు. పొన్నంకి పిట్ట వంటింటి చెత్తలో ఏరుకుని తిన్న సందర్భాలున్నా సరే.

నీళ్లకు మట్టి మూకుడు చాలు, రెండు మూడు సెంటీమీటర్ల లోతు, నేల మీదే, కంచెకు ఒక మీటరు దూరంలో. కంచెకు ఆనించి పెడితే పిల్లి దాక్కుని పట్టేస్తుంది. మూడు రోజులకోసారి నీళ్లు పారబోసి తోమాలి, లేకపోతే దోమ పిల్లలు రెక్కలొచ్చి లేస్తాయి. పిల్లి విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి: పెంపుడు పిల్లి రాత్రీ తెల్లవారుజామూ బయట తిరిగే ఇంట్లో ఆకుల మూల పెట్టడం అంటే పిట్టను పిలిచి పిల్లికి పెట్టడమే. పిట్టలు దిగే రోజుల్లోనైనా పిల్లిని పొద్దెక్కేదాకా లోపల ఉంచగలిగితేనే ఈ పని మొదలుపెట్టండి.

ఇక ఆకులు ఊడవకపోతే పక్కింటి పిన్నిగారు ‘ఏంటమ్మా, పెరడు చిమ్మట్లేదా ఈ మధ్య?’ అని అడగక మానరు. మూల చుట్టూ ఒక వరస ఇటుకలు పేర్చండి. అది చెత్త కాదు, కావాలని ఉంచింది అని వాటితోనే అర్థమైపోతుంది.

దీపాలు, అద్దాలు

రాత్రిపూట ఎగిరే పిట్టలకు వెలుగు దారి తప్పిస్తుంది. మబ్బూ జల్లూ ఉన్న రాత్రుల్లో కిందుగా ఎగురుతాయి, పెద్ద లైటు చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయి దిగిపోతాయి, లేదా వెలుగున్న కిటికీ అద్దానికి గుద్దుకుంటాయి. బంగాళాఖాతంలో వాయుగుండాలు పట్టే రోజులూ ఇవి వచ్చే రోజులూ ఒకటే. 1996లో కోనసీమ కొబ్బరిని నేలకూల్చిన తుపాను నవంబరు 6న వచ్చింది. గాలివాన వెలిసిన మర్నాడు పొద్దున కంచెల కిందా, అరుగుల మూలల్లోనూ, కారు షెడ్డులోనూ ఒకసారి చూడటం మంచిది.

మేడ మీద ఫ్లడ్ లైట్లు అక్టోబరు, నవంబరు నెలల్లో రాత్రి పదింటికి ఆపేయండి. రొయ్యల చెరువు గట్టు మీద లైటు తప్పదనుకుంటే దాని తల కిందికి వంచి, పైకి వెలుగు పోకుండా రేకు మూత పెట్టొచ్చు. కిటికీ అద్దాలకు ఒక్క గద్ద బొమ్మ అంటించడం వల్ల ఒరిగేదేమీ లేదు, పిట్ట ఆ బొమ్మ పక్కనున్న ఖాళీలోంచి దూరబోతుంది. అద్దానికి బయటి వైపు తెల్ల చుక్కలు, ఒకదానికొకటి అయిదు సెంటీమీటర్ల దూరంలో అద్దమంతా పెట్టాలి. సున్నం పూసినా పనిచేస్తుంది, అందమే తక్కువ. చుక్కలు లోపలి వైపు పెడితే బయట చెట్ల నీడ అద్దంలో అలాగే కనిపిస్తుంది కాబట్టి లాభం లేదు.

ఇంట్లోకి వచ్చేస్తే, దెబ్బ తగిలితే

గదిలోకి వస్తే ముందు ఫ్యాను ఆపండి. తర్వాత లైట్లు. పగలైతే ఒక్క తలుపో కిటికీయో బార్లా తెరిచి, మిగతావాటికి దుప్పట్లు కట్టి, మనుషులందరూ బయటికి రావాలి. వెలుగున్న దిక్కుకే పోతుంది. చీపుర్లతో అదిలిస్తే గోడలకు కొట్టుకుంటుంది. రాత్రయితే అలమర పైనో మూలనో కూర్చోనిచ్చి గది చీకటి చేసి తలుపు మూసేయండి, తెల్లారాక పంపొచ్చు.

నేల మీద కదలకుండా ఉన్న పిట్టను పట్టుకునే ముందు చేతులకు గ్లౌజులో ప్లాస్టిక్ కవరో వేసుకోండి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఒకే చోట రెండు మూడు రకాల పక్షులు చచ్చి పడుంటే అసలు ముట్టుకోకుండా పశువైద్యశాలకు చెప్పాలి. ఒంటరి పిట్ట, పక్కనే కిటికీ ఉంటే, చాలావరకు అద్దం దెబ్బే.

పల్చటి నూలు గుడ్డను పిట్ట మీద వేసి, తలతో సహా కప్పి, వెనక నుంచి ఎత్తాలి. వీపు అరచేతికి ఆనేలా, మెడ చూపుడువేలికీ నడివేలికీ మధ్య ఉండేలా, మిగతా వేళ్లు రెక్కలను ఊరికే ఆపేలా పట్టుకోవాలి. రొమ్మును నొక్కకూడదు. ఈ ఒక్క పొరపాటుతోనే ఎన్నో పిట్టలు చేతుల్లో చచ్చిపోతాయి. మనకున్నట్టు పక్షులకు ఊపిరిని ఆడించే ఉదరవితానం (డయాఫ్రం) లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. భయంతో జారిపోతుందేమోనని గట్టిగా పట్టుకుంటారు, దానికి ఊపిరి ఆగిపోతుంది.

చెప్పుల డబ్బాయో, మందుల షాపులో దొరికే అట్టపెట్టెయో, 30 సెంటీమీటర్ల పొడవుండేది తీసుకోండి. పిట్టను పెట్టకముందే పెన్సిలు దూరేంత కన్నాలు ఎనిమిదో పదో పక్కల్లో కిందుగా పొడవాలి. అడుగున మడత పెట్టిన పాత నూలు చీర ముక్క. తువ్వాలు వద్దు, దాని పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. మూత పెట్టి, దారంతో కట్టి, చప్పుడు లేని గదిలో పెట్టేయండి. ఫ్యాను కింద కాదు, ఎండలో కాదు, టీవీ పక్కన కాదు. వానలో నానిన పిట్టయితే గోరువెచ్చటి నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కకు పెట్టండి, వేడెక్కువైతే రెండో పక్కకు జరగడానికి దానికి చోటుండాలి.

ఇక గంటన్నర, రెండు గంటలు ఏమీ చేయకూడదు. కష్టమైన భాగం ఇదే. పిల్లలకు చూపించాలని, ఫొటో తీయాలని, బతికుందో లేదో అని పది నిమిషాలకోసారి మూత తీస్తారు. తీసిన ప్రతిసారీ అది పులి నోట్లో పడ్డట్టు భయపడుతుంది. నోట్లో నీళ్లు పోయొద్దు. నాలుక మొదట్లోనే ఊపిరితిత్తులకు పోయే దారి తెరుచుకుని ఉంటుంది, చెంచాతో పోసిన నీళ్లు అందులోకే పోతాయి. పాలూ అన్నం మెతుకులూ బ్రెడ్డూ దానికి తిండే కాదు. మనుషుల నొప్పి మాత్రలు అసలు వద్దు.

రెండు గంటల తర్వాత పెట్టెలో కాళ్ల చప్పుడు వినిపిస్తుంటే, వెలుగు ఇంకా ఉంటే, విడవొచ్చు. పొద్దుగుంకిపోయిందా, రాత్రికి పెట్టెలోనే ఉంచి తెల్లవారి విడవాలి. సీసా మూతలో నీళ్లు పెట్టండి. అలసిపోయి దిగిన పిట్టను గుర్తుపట్టేది రొమ్ము మీద: చూపుడువేలు ఊరికే ఆనిస్తే నడిమి ఎముక కత్తి అంచులా తగులుతుంది, రెండు పక్కలా కండ ఉండదు. దానికి తెల్లారాక, వెలుగులో, తిండి పెట్టి విడవాలి. చీకట్లో తినదు. అరటి బోదె కింద దొరికే సన్న వానపాములు కడిగి, రెండు సెంటీమీటర్ల ముక్కలు నాలుగైదు, గుప్పెడు చెదలు, ఇవి సీసా మూతలో వేసి, పెట్టెలోకి కాస్త వెలుగు పడేలా పెట్టి పావుగంట వదిలేయండి. కదిలేవి ఉంటేనే ముక్కు పెడుతుంది. గుళికల మందు వేసిన తోటలోంచి వానపాములు తేవద్దు, ఆ మందు పిట్టకూ ఎక్కుతుంది.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా ఎదురు చూడకుండా పశువైద్యుడి దగ్గరకు, పెట్టెతోనే: ఒక రెక్క కిందికి వేలాడటం, నెత్తురు, తల ఒక పక్కకు వాలిపోవడం, నోరు తెరిచి రొప్పుతూ ఉండటం. పిల్లి నోట పడి బయటపడ్డ పిట్టకు పైకి ఒక్క గాయం కనిపించకపోయినా అదే రోజు చూపించాలి. పిల్లి లాలాజలంలోని బాక్టీరియా ఒకటి రెండు రోజుల్లో చంపేస్తుంది, యాంటీబయాటిక్ ఎంత అన్నది ఆ బరువుకు లెక్క కట్టాల్సింది డాక్టరే. గాలిపటం మాంజా చుట్టుకుని ఉంటే లాగకండి. రెండు చివర్లూ కత్తిరించి, చర్మంలోకి దిగిన ముక్కను అలాగే వదిలి తీసుకెళ్లండి. అటవీశాఖ రేంజి ఆఫీసుకు కూడా ఒక మాట చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని ఇంట్లో పెంచుకోవడం నేరం; కాపాడటానికని పెట్టెలో పెట్టిన పిట్ట వారం రోజులు అక్కడే ఉంటే ఎవరైనా అడగొచ్చు. పైగా ఎండుటాకుల్లో వెతుక్కునే పిట్ట పంజరంలో ఎక్కువ రోజులు బతకదు.

విడవడం కూడా నేల మీదే. చేతుల్లోంచి గాల్లోకి ఎగరేస్తే సినిమాలో బాగుంటుంది. తల తిరుగుతున్న పిట్ట రాయిలా పడుతుంది. కుక్కా పిల్లీ లేని చోట, కంచె మొదట్లో, ఆకుల మీద పెట్టెను పక్కకు వాల్చి, మూత తీసి, పది అడుగులు వెనక్కి రండి. వెంటనే బయటికి రాకపోవచ్చు. పావుగంట పట్టినా పెట్టె తట్టకండి. గెంతుకుంటూ వచ్చి, ఒక ఆకు తిరగేసిందంటే బాగున్నట్టే.

కాలికి ఉంగరం ఉంటే విడిచే ముందే దాని మీద అంకెలు రాసుకుని ఫొటో తీయండి. మన దేశంలో వేసే ఉంగరాల మీద బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయమని ఉంటుంది, ఆ అంకెలు వాళ్లకు పంపాలి. ఉంగరం లేకపోయినా, చూసిన పక్షుల వివరాలు రాసే ఈబర్డ్ వెబ్‌సైటులో ఒక నమోదు చేయండి: తేదీ, గంట, ఊరి పేరు, ఎన్ని, కూసిందా, ఎక్కడ దొరికింది. చివరిదాన్లో ‘ఇంటి దగ్గర’ అని రాసి వదిలేయొద్దు; ‘కోకో తోట, ఆకుల మీద’ అనో, ‘మేడ కిటికీ కింద, లైటు వెలుగుతోంది’ అనో రాయండి.